‘రాలేదు’ వేరు, ‘చేసింటే’ వేరు: పిల్లలకు ఈ తేడా తెలిసేలా చేయడం ఎలా

పోయినేడు జూన్‌లో మొదటి పెద్దవాన పడిన వారానికి ఒక ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని తుగ్గలి వైపు పోయాం. ఎందుకో కర్నూలు జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల చేలల్లో జనం తల వంచుకుని నేల వెతుక్కుంటూ నడుస్తుంటారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. వాటిలో ఒక్కటి వజ్రం కాకపోతుందా అని ఆశ. పక్క జిల్లాల నుంచి వచ్చి చెట్ల కిందే వండుకుని రోజుల తరబడి ఉండిపోయేవాళ్లూ ఉంటారు. మేం పోయింది ఒక్క పూటకే, పిల్లలు పట్టుబట్టారని.

పదకొండు గంటలప్పుడు పక్క చాలులో కేక వినిపించింది. ఒకామెకు మెరిసే రాయి దొరికింది. అది వజ్రమో ఉత్త పలుగురాయో తేలకముందే చుట్టూ జనం మూగారు. మా పాపకు అప్పుడు ఐదేళ్లు. "నాకు దొరకలేదు" అని ఏడ్చింది. చెట్టు కింద కూర్చోబెట్టి ఉగ్గాని పెడితే తినింది, బజ్జీ కారమని నీళ్లు తాగింది, గులకరాళ్లు పోగేసి ఆడుకోవడం మొదలుపెట్టింది. మావాడికి ఎనిమిదేళ్లు. వాడు ఏడవలేదు. ఉగ్గాని ముట్టలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, పత్తికొండ దాటాక అన్నాడు: "అమ్మా, నేను ముందు ఆ చాలులోనే ఉంటి. చెల్లి పిలిచిందని ఇటు వస్తి. రాకపోయింటే బాగుండు."

పోయింది ఒకే రాయి, అది మాది కూడా కాదు. కానీ ఇద్దరి బాధా ఒకటి కాదు. పాపది అనుకున్నది అందని బాధ. వాడిది తాను వేసిన అడుగు గుర్తొచ్చి పడే బాధ. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. ఒకటో తరగతిలో "రాలేదు" అని ఏడ్చే పిల్లలు మూడో తరగతికి వచ్చేసరికి "చేసింటే" అని మౌనంగా కూర్చోవడం ఏటా చూస్తాను. ఆ మధ్యలో వాళ్ల మనసులో పెద్ద పనే జరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లం ఆ పనికి అడ్డం పడకుండా, వీలైతే తోడుండడం ఎలాగో నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదట, వాక్యం చివర వినండి

పిల్లల ముఖం చూస్తే రెండు బాధలూ ఒకలాగే ఉంటాయి. మాట వింటే తెలుస్తుంది. "దొరకలేదు, ఇవ్వలేదు, తీసుకుపోలేదు" అంటే ఆశ తీరలేదని బాధ. "పోయింటే, అడిగింటే, తీసుకోకుండా ఉండింటే" అన్న మాట వచ్చిందంటే పిల్లవాడు జరిగినదాని పక్కన జరగనిదాన్ని నిలబెట్టి రెండూ పోల్చుకుంటున్నాడని అర్థం.

మన సీమలో పెద్దవాళ్లకు ఈ తేడా వానే నేర్పింది. దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. అక్కడ బుడ్డలు (వేరుశనగ) వేసే రైతు "వాన రాలేదు" అన్నప్పుడు ఆ గొంతులో బాధ ఉంటుంది, తప్పు చేసిన భావం ఉండదు. అదే రైతు "తొలి పదునుకే తొందరపడి విత్తకపోయింటే" అన్నప్పుడు ఆ బాధ తనలోకి తిరుగుతుంది. మా నాయన అరుగు మీద కూర్చుని ఈ రెండు మాటలూ అనడం చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను. మొదటి మాటకు పక్కనున్నవాళ్లు "యావూర్లోనూ రాలేదులేప్పా" అని ఓదార్చేవాళ్లు. రెండో మాటకు ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, కాసేపు ఊరికే కూర్చునేవాళ్లు. ఆ ఊరికే కూర్చోవడం ఎంత పెద్ద పనో పిల్లలు పుట్టాకే నాకు తెలిసింది.

పుస్తకాల్లో మొదటిదాన్ని నిరాశ, ఆశాభంగం అంటారు. రెండోదాన్ని పశ్చాత్తాపం అంటారు గానీ, మనవాళ్ల వాడుకలో ఆ మాటకు పాపం చేసినంత బరువుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి బాధకు అంత మాట వద్దు. ఇంట్లో మేం "రాలేదు బాధ", "చేసింటే బాధ" అనుకుంటాం. మీరూ ఏదో ఒక పేరు పెట్టుకోండి. పేరుంటే పిల్లలు దాన్ని పట్టుకుని చూపించగలరు.

తర్వాత, వయసు చూసుకోండి

మూడేళ్ల పిల్లకు కూడా, కావాలనుకున్నది రాకపోతే బాధ కలుగుతుందని తెలుసు. రెండో బాధ మాత్రం ఆలస్యంగా వస్తుంది. దాన్ని కనిపెట్టడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు సులువైన పద్ధతి వాడతారు. పిల్ల ముందు రెండు పెట్టెలు పెట్టి ఒకటి ఎంచుకోమంటారు. ఎంచుకున్నదాంట్లో చిన్న బహుమతి ఉంటుంది. కొంచెం సంతోషపడనిచ్చి, తర్వాత రెండో పెట్టె తెరిచి చూపిస్తారు. దాంట్లో పెద్ద బహుమతి ఉంటుంది. "ఇప్పుడు నీకు ఇందాకటి కంటే సంతోషంగా ఉందా, బాధగా ఉందా, అట్లే ఉందా?" అని అడుగుతారు. చాలా చిన్నపిల్లలు "అట్లే ఉంది" అంటారు. చేతిలో ఉన్నది చేతిలోనే ఉంది కదా మరి. కొంచెం పెద్దపిల్లల ముఖం మాత్రం వాడిపోతుంది. ఈ మార్పు ఐదేళ్లకే మొదలవుతుందా, ఆరేడేళ్లకు గానీ రాదా అని పరిశోధకుల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో సారా బెక్, బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో టెరెసా మెకార్మాక్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు.

ఇది మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. మూతలున్న రెండు స్టీలు డబ్బాలు తీసుకోండి. ఒకదాంట్లో ఒక్క బుడ్డల ఉండ, రెండోదాంట్లో నాలుగు పెట్టండి. పిల్ల నాలుగున్న డబ్బానే ఎంచుకుంటే ఆ పూటకు ఆట అయిపోయినట్టే, తిననివ్వండి. ఒకటున్నది ఎంచుకుంటే కాసేపు ఆగి రెండోది తెరవండి. అడగాల్సింది పైన చెప్పిన ఒక్క ప్రశ్నే. "అయ్యో, బాధగా ఉంది కదా?" అని అడిగితే మన జవాబును పిల్ల నోట్లో పెట్టినట్టు. ఆట అయ్యాక మిగిలినవి కూడా పంచెయ్యాలి, అది తప్పనిసరి. నెలకొకసారి మించి ఆడకండి. పిల్ల బాధ చూడాలని డబ్బాలు తీస్తున్నారని దానికి అనుమానం వస్తే ఇక మీ దగ్గర ఏ బాధా చెప్పదు.

మా పాప ఐదేళ్లప్పుడు ఒక ఉండ తింటూ నాలుగున్న డబ్బాలోకి తొంగి చూసి "అట్లే ఉంది, ఇంకోటి ఇస్తావా?" అంది. మావాడు ఆ వయసులో ఏమన్నాడో నాకు గుర్తులేదు. ఆ రోజుల్లో నేను ఇవేవీ గమనించలేదు, ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

ఐదేళ్ల పిల్ల "అట్లే ఉంది" అంటే మొండిదనో మొద్దుదనో అనుకోకండి. ఆ పిల్లను "చూడు, నువ్వు ఆ డబ్బా తీసుకునింటే నాలుగొచ్చేవి" అని కూర్చోబెట్టి బోధిస్తే బోధ ఎక్కదు, మీకు కోపం వచ్చిందని మాత్రం తెలుస్తుంది. ఆ వయసుకు "కావాలనుకున్నావు, రాలేదు, బాధగా ఉంది" అని ఒళ్లోకి తీసుకుంటే చాలు.

ఆట తిరగేసి కూడా ఆడండి. పిల్ల ఎంచుకున్నదాంట్లో రెండు, వదిలేసినదాంట్లో ఏమీ లేదు. అప్పుడొచ్చే "హమ్మయ్య" కూడా ఈ కుదురులోదే. రెండు దారులు పోల్చుకోకుండా హమ్మయ్య రాదు. బడిలో నేను ముందు హమ్మయ్యతోనే మొదలుపెడతాను, బాధలేని దారి కాబట్టి. "గొడుగు తెచ్చుకోకపోయింటే ఏమయ్యేది?" అని వానరోజు అడిగితే రెండో తరగతి పిల్లలు ఎగబడి చెబుతారు.

"చెప్పానా లేదా?" అనకండి

మా ఊరి ఎగ్జిబిషన్‌కు పోయినప్పటి సంగతి. మావాడి చేతికి వంద రూపాయలిచ్చి, నీ ఇష్టం, ఇంతే, మళ్లీ అడగొద్దు అన్నాను. లోపలికి పోగానే మొదటి అంగట్లో లైట్లు వెలిగే బొంగరం కనిపించింది. "కొంచెం తిరిగి చూసి కొనుక్కో నాయనా" అన్నాను. వినలేదు. ఎనభై రూపాయలు అక్కడే అయిపోయాయి. చివరకు పోతే పెద్ద జెయింట్ వీల్. టికెట్ యాభై. వాడి స్నేహితులిద్దరు పైనుంచి చేతులూపుతున్నారు. వాడు మిగిలిన ఇరవై రూపాయల నోటును మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ నిలబడ్డాడు.

నేను నోరు జారాను. "చెప్పానా లేదా?"

వాడి ముఖం ఒక్కసారిగా మారింది. అప్పటిదాకా చక్రం వైపు, చేతిలోని నోటు వైపు చూస్తున్నవాడు నా వైపు తిరిగి "నువ్వేం తిరిగి చూడమనలేదు" అని అరిచాడు. అప్పటిదాకా వాడు తనతో తాను మాట్లాడుకుంటున్నాడు. నా మాటతో అది మా ఇద్దరి తగాదా అయిపోయింది. బొంగరం ముందే ఎందుకు కొన్నానన్న ఆలోచన పోయి, అమ్మ మీద గెలవాలన్న పట్టుదల వచ్చింది. వాడికి ఆ సాయంత్రం దొరకాల్సిన పాఠాన్ని నేనే లాక్కున్నాను.

బెల్‌ఫాస్ట్ పరిశోధకులు 2014లో అచ్చువేసిన ఒక పనిలో, పెట్టెల ఆట ఆడిన పిల్లలకు మరుసటి రోజు మళ్లీ అదే ఎంపిక ఇచ్చారు. ముందురోజు "అయ్యో, అది తీసుకునింటే" అని బాధపడిన పిల్లలే ఈసారి పెట్టె మార్చుకోవడం ఎక్కువగా కనిపించింది. అంటే ఆ బాధ ఒక పని చేస్తుంది, రేపటి చేతిని మారుస్తుంది. పని చేయనివ్వాలంటే మనం మధ్యలో దూరకూడదు.

కాబట్టి ఇలా చేయండి. "చేసింటే" మాట వినపడగానే మీ పని ఆపి పక్కన కూర్చోండి. ఏమీ అనకండి. పిల్లవాడు ఇంకో వాక్యం చెప్పేదాకా ఆగండి. చాలాసార్లు రెండో వాక్యంలోనే అసలు సంగతి ఉంటుంది. నిమిషం గడిచినా ఏమీ అనకపోతే "ఊఁ" అనండి. మా జేజి (నాయనమ్మ) ఈ "ఊఁ" ఒక్కదానితో మా చేత అన్నీ చెప్పించేది. ఆ తర్వాత వాడి మాటనే వాడికి తిరిగి చెప్పండి: "ముందే తిరిగి చూసింటే బాగుండు అనిపిస్తా ఉందా?" అంతే. సలహా ఆ రోజుకు వద్దు.

ఇంకొకటి. మీ బాధ తగ్గించుకోవడానికి వెంటనే జెయింట్ వీల్ టికెట్ కొనకండి. పిల్లవాడు నోటు మడతపెడుతుంటే చూడలేక మా ఆయన జేబులోకి చెయ్యి పెట్టారు. కొనిస్తే వాడు ఎక్కుతాడు, నవ్వుతాడు, ఏ ఎంపికకూ వెనకాల ఏమీ ఉండదని నేర్చుకుంటాడు. వంద రూపాయల దగ్గర ఈ బాధ పడనివ్వకపోతే ఇంకెక్కడ పడనిస్తాం? అయితే ఇది చిన్న నష్టాలకే. పిల్ల భయపడినచోట, దెబ్బ తగిలినచోట, నలుగురిలో అవమానపడినచోట పాఠం కోసం చూస్తూ నిలబడకూడదు.

రెండు రోజులాగి, ఒక్క ప్రశ్న

బాధ చల్లారాక, స్నానం చేయించేటప్పుడో నడిచిపోయేటప్పుడో అడగండి: "ఈసారి ఎగ్జిబిషన్ వస్తే ఎట్ల చేద్దామనుకుంటున్నావు?" వెనక్కి తిరిగి తవ్వే ప్రశ్నలు వద్దు. "ఎందుకట్ల చేసినావు?" అన్న ప్రశ్నకు పెద్దవాళ్లకే జవాబుండదు. నేను మూడో రోజు అడిగితే మావాడు "ముందు అంతా ఒక రౌండు కొడతా, ఆమీద డబ్బులు తీస్తా" అన్నాడు. నేను ఎగ్జిబిషన్ గేటు దగ్గర చెప్పిన సలహా అదే. ఇప్పుడది వాడిది.

మీ సొంత "చేసింటే"లు కూడా పిల్లలకు వినపడనివ్వండి. "పొద్దున్నే మినపప్పు నానేసింటే రాత్రికి దోసెలకు పిండి ఉండేది. రేపు పాలు కాచేటప్పుడే నానేస్తా" అని వంటింట్లో పైకే అనండి. అమ్మకు కూడా ఇట్లా అవుతుందనీ, ఆ తర్వాత అన్నం తిని నిద్రపోతుందనీ వాళ్లకు తెలియాలి.

‘రాలేదు’ను ‘చేసింటే’గా మార్చకండి

అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇది. మన ఇళ్లలో పిల్లలకు జరిగే అన్యాయం చాలావరకు ఇక్కడే జరుగుతుంది.

మా కర్నూలు నవోదయ బనవాసిలో ఉంది. ఆరో తరగతిలో ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. ఐదో తరగతి చదివే పిల్లలు పరీక్ష రాయాలి, రెండోసారి రాసే వీల్లేదు. మా బడి నుంచి ఏటా నలుగురైదుగురు రాస్తారు. ఒక ఏడాది ఒక పాప రాసింది. తెల్లవారుజామున లేచి, వాళ్లమ్మ ఆవుపాలు పితికే వెలుతురులో లెక్కలు చేసుకునే పిల్ల. సీటు రాలేదు. లిస్టు వచ్చిన రోజు వాళ్ల నాయన బడి గేటు దగ్గరే అందరి ముందూ అన్నాడు: "ఇంగొంచెం చదివింటే వచ్చేదే." ఆయన చెడ్డవాడు కాదు. కూతురి మీద పెట్టుకున్న ఆశ అలా బయటికి వచ్చింది. అది ఆయన నిరాశ. కానీ వాక్యం అయ్యేసరికి అది పిల్ల తప్పైపోయింది.

వారం తర్వాత ఆ పాప నా టేబుల్ దగ్గరికి వచ్చి నోటుపుస్తకం అంచు గిల్లుతూ అడిగింది: "టీచర్, నేను పిన్ని పెళ్లికి పోకపోయింటే వచ్చిండేదా?"

ఒక్కరోజు పెళ్లి. ఆ పిల్ల తనకు దొరికిన సంతోషాలన్నిటినీ ఒక్కొక్కటే తీసి, ఇది లేకపోయింటే, ఇది లేకపోయింటే అని చూసుకుంటోంది. నేను కూర్చోబెట్టి, జిల్లా అంతటి నుంచి ఎంతమంది రాస్తారో, సీట్లెన్నో పలక మీద వేసి చూపించాను. "ఇంతమంది బాగా రాసినవాళ్లకు కూడా రాలేదు. నీకు రాలేదు. అంతే. పెళ్లికి పోవడం తప్పు కాదు. అక్కడ ఏం తిన్నావు చెప్పు" అన్నాను. చాలాసేపటికి "భక్ష్యాలు" అంది.

మీ పిల్లకు సీటో బహుమతో మ్యాచో పోయినప్పుడు మీరు నోరు తెరిచే ముందు ఒక్క క్షణం చూసుకోండి. ఇది వాన రాకపోవడమా, ముందే విత్తడమా? పిల్ల చేతిలో ఉన్న పని నిజంగా ఉండి, అది చేయకపోతే, రెండు రోజులాగి ప్రశ్న అడగొచ్చు. చేతిలో లేనిదైతే "రాలేదు" దగ్గరే ఆగండి. "మాక్కూడా బాధగా ఉంది" అనండి. మీ బాధను మీదిగా చెబితే పిల్ల దాన్ని మోయాల్సిన పనిలేదు.

దీనికి పొసగని ఇంకో అలవాటు, బాధను దాచమనడం. 1984లో కరోలిన్ సార్నీ అనే పరిశోధకురాలు ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఒకసారి మంచి బహుమతిచ్చి, రెండోసారి పసిపిల్లల బొమ్మ చేతిలో పెట్టి వాళ్ల ముఖాలు గమనించారు. పెద్దపిల్లలు నవ్వి థాంక్స్ చెప్పారు, చిన్నవాళ్ల ముఖంలో నిరాశ దాగలేదు. అంటే ఆ మర్యాద వయసుతో దానంతటదే వస్తుంది. పుట్టినరోజుకు మేనమామ తెచ్చిన చొక్కా నచ్చలేదని ఆరేళ్లవాడి ముఖం ముడుచుకుంటే నలుగురిలో గద్దించకండి. ఇంటికొచ్చాక "నీకు నచ్చలేదు, సరే. మామ బజారంతా తిరిగి తెచ్చినాడు" అని రెండూ చెప్పండి.

చేయని తప్పును మోస్తుంటే

మా అత్త పోయిన రెండు నెలలకు ఒక రాత్రి మావాడు దుప్పటి ముసుగులోంచి అన్నాడు: "ఆ పొద్దు జేజి తన దగ్గర పండుకోమనింది. దగ్గుతాందని నేను పోకపోతి."

నాకు వెంటనే "అట్లాంటిదేం లేదురా, పిచ్చి ఆలోచనలు పెట్టుకోవద్దు" అనాలనిపించింది. ఆపుకున్నాను. అలా కొట్టిపారేస్తే వాడు ముసుగు ఇంకా గట్టిగా లాక్కునేవాడు, ఆలోచన మాత్రం పోయేది కాదు. ఐదారేళ్ల నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ల దాకా పిల్లలు తమ కోపం వల్లో, అలక వల్లో, మనసులో అనుకున్న మాట వల్లో పెద్ద నష్టాలు జరిగాయని నమ్మేయగలరు. "చేసింటే" అనే కొత్త శక్తి వాళ్లకు అప్పుడే వచ్చింది. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఇంకా తెలియదు.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చెప్పాలి, ఈ వరసలోనే. ముందు కారణం: "జేజికి గుండెజబ్బు ఉండేది. చాలా ఏళ్ల నుంచి మందులు వేసుకుంటా ఉండె. ఆ రాత్రి గుండె ఆగిపోయింది. నువ్వు పక్కన పండుకునింటే కూడా ఆగిపోయేది." పిల్లలకు అర్థమయ్యే మాటల్లో, అబద్ధం లేకుండా, శరీరంలో ఏమైందో చెప్పాలి. "దేవుడు పిలుచుకున్నాడు" అంటే ఎందుకు పిలిచాడని వాడు మళ్లీ తనలోనే వెతుక్కుంటాడు. ఆ తర్వాత, కొంచెం ఆగి, రెండో మాట: "పండుకునింటే బాగుండు అనిపిస్తా ఉంది కదా. నాకు కూడా, ఆ పొద్దు మధ్యాహ్నం ఇంకొంచెంసేపు ఆమె దగ్గర కూర్చునింటే బాగుండు అనిపిస్తాది."

మొదటి మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోదు. వాడి బాధలో సగం తప్పు చేశానన్న భయం, మిగతా సగం జేజి మీది ప్రేమ. భయాన్ని తీసేయాలి, ప్రేమను ఉండనివ్వాలి. ఆ రాత్రి వాడు ముసుగు తీసి, జేజి తలగడ ఎక్కడుందని అడిగి తెచ్చుకుని పడుకున్నాడు.

వారాలు గడిచినా పిల్ల నిద్రపోకపోతే, తిండి మానేస్తే, బడికి పోనని భయపడితే, తనను తాను తిట్టుకోవడం ఆపకపోతే ఇంట్లో ఓదార్పు చాలదు. డాక్టర్‌కు చూపించండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడానికి నామోషీ పడకండి.

చివరగా, ఎదుటివాళ్ల ‘చేసింటే’

తన బాధ తెలిసిన పిల్లకు ఎదుటివాళ్ల బాధ తెలియడానికి ఇంకొంత కాలం పడుతుంది. పెట్టెల ఆటలో తాము బాధపడిన పిల్లలు కూడా, అదే ఆట ఆడే ఇంకో పిల్లకు ఎలా ఉంటుందో చెప్పమంటే తడబడతారు. దీనికి కథలు బాగా పనికొస్తాయి. చెబుతూ చెబుతూ ఆపి "ఇప్పుడు ఆయనకు ఏమనిపిస్తుంటుంది?" అని అడగండి, జవాబు తప్పైనా సరిదిద్దకండి. నాకు మాత్రం కథ కంటే బాగా ఒక బండ పనికొచ్చింది.

మొన్న తొలకరికి మళ్లీ తుగ్గలి వైపు పోయాం. మావాడికి తొమ్మిదేళ్లు. ఆ వారమే ఒక సంగతి జరిగింది. స్నేహితుడి రబ్బరు బంతిని వీడు కావాలనే గట్టిగా కొడితే పోయి కంపచెట్లలో పడింది. వెతకలేదు. "ఎక్కడో పోయింది" అని వాడికి చెప్పి వచ్చేశాడు. రాత్రి నాకు చెప్పాడు, "కొట్టకుండా ఉండింటే బాగుండు" అని కూడా అన్నాడు. స్నేహితుడికి మాత్రం చెప్పలేదు. నేను ఊఁ అని ఊరుకున్నాను.

తిరిగివచ్చేటప్పుడు ఎర్రగుడి దగ్గర ఆగాం. జొన్నగిరికి దగ్గరే, గుత్తి పత్తికొండ దారిలో గుట్ట మీద అశోకుడి శాసనాలున్న బండలవి. ఇంత దగ్గర ఉండి కూడా చాలామంది చూసి ఉండరు, పిల్లలతో తప్పక పోండి. మధ్యాహ్నం బండలు కాలతాయి, పొద్దున్నే వెళ్లండి. ఆ అక్షరాలు బ్రాహ్మీ లిపి, భాష ప్రాకృతం, మనకు చదవడం రాదు. బండ దగ్గర కూర్చుని చెప్పాను. ఇక్కడున్న పద్నాలుగు శాసనాల్లో పదమూడోదాంట్లో రాజు తాను చేసిన కళింగ యుద్ధం గురించి రాయించాడు. లక్షన్నర మందిని పట్టుకుపోయారని, లక్షమంది చనిపోయారని, అది తలచుకుంటే తనకు చాలా బాధగా ఉందని.

"రాజే చెప్పినాడా, తప్పు చేసినానని?" అన్నాడు.

"రాజే. రాయి మీద చెక్కించినాడు."

పాప గీతల మీద వేలు పెట్టబోతే వద్దని చెయ్యి పట్టుకున్నాను. వాడు కాసేపు ఆలోచించి అడిగాడు: "కళింగలో కూడా ఇదే రాయించినాడా?"

లేదు. ఒడిశాలో ధౌలి, జౌగడ దగ్గర కూడా శాసనాలున్నాయి గానీ, అక్కడ ఈ పదమూడోది లేదు, దాని బదులు వేరేవి చెక్కించారు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"వాళ్లకు కదా ముందు చెప్పాల్సింది" అన్నాడు.

నేనేమీ అనలేదు. దిగి వచ్చి బస్సు ఎక్కాం. మరుసటి రోజు బడికి పోయేముందు, ఎగ్జిబిషన్‌లో మిగిలితే అప్పటినుంచి డబ్బీలో దాచుకున్న ఇరవై రూపాయల నోటు తీసుకుని, వీధి చివర అంగడికి పోయి, ఒక రబ్బరు బంతి కొనుక్కుని సంచిలో పెట్టుకున్నాడు.